అలోయిజ్ బాబాయ్ టైరు నలుపు

అలోయిజ్ గ్రుష్కాకి ఒకటే జబ్బు. వెలిసిపోయిన టైరు కనబడితే ఆగలేడు. అది ఎవరిదైనా సరే, వాన పడుతున్నా సరే, పక్కన ఇల్లు తగలబడుతున్నా సరే, దాని ముందు మోకాళ్ల మీద కూలబడి, జేబులోంచి స్పాంజి ముక్క తీసి, నల్లబడేదాకా రుద్ది గానీ లేవడు. మనుషుల ముఖాలు ఆయనకి గుర్తుండవు. "ఎవరూ, కుడి ముందు చక్రం లోపలివైపు అరిగిపోయిన ఆయనా?" అంటాడు. అవునంటే అప్పుడు పేరూ, పెళ్లాం పేరూ, పిల్లల చదువులూ అన్నీ వరసగా గుర్తొస్తాయి.

ఈ జబ్బు సంగతి పక్కింటి బ్రిగీదాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రిబ్నిక్ పొలిమేరలో బొగ్గుగని వాళ్లు కట్టించిన ఎర్ర ఇటుకల ఇళ్ల వరసలో ఆవిడది ఏడో నంబరు, ఆయనది తొమ్మిది. పొద్దున వంట ముగియగానే కిటికీ గట్టు మీద దిండు వేసుకుని, దాని మీద మోచేతులు ఆనించి, వీధిని చూస్తూ నిలబడుతుంది బ్రిగీదా. ఆ వీధి ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. కాకపోతే మిగతావాళ్లకి ఎవరు ఎటు వెళ్లారో తెలిస్తే చాలు. బ్రిగీదాకి ఎందుకు వెళ్లారో తేలాలి. తేలకపోతే ముద్ద దిగదు, నిద్ర పట్టదు, మొగుడు గెరార్డ్‌కి మనశ్శాంతి ఉండదు.

అలాంటి మనిషికి ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక ప్రశ్న తేలలేదు. టైరుకి పాలిష్ పూయడానికి పది నిమిషాలు చాలు. వంటింటి గడియారం పెట్టి మరీ లెక్క చూసింది. మరి ఈ అలోయిజ్ బాబాయ్ ఒక్కో చక్రం దగ్గర ముప్పావుగంట ఏం చేస్తున్నాడు?

"ఏం చేస్తాడే, పని లేదు పాపం, పెన్షన్ తీసుకుంటున్నాడు," అనేవాడు గెరార్డ్.

"పనిలేని వాళ్లు ఈ వీధిలో పదిమంది ఉన్నారు. వాళ్లంతా టైర్లకి చెవులు ఆనించి వింటున్నారా?"

"వింటున్నాడా?"

"కళ్లారా చూశాను. డాక్టరు గుండె విన్నట్టు విన్నాడు."

గెరార్డ్ ఎందుకో పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి బయటికొచ్చాక, అలోయిజ్ ఈడు వాళ్లందరూ పెరట్లో కొట్టాలకి రంగులేసి పావురాల్ని పెంచుకున్నారు. ఆయన సీసాలు పెంచుకున్నాడు. కొట్టంలో గోడ పొడవునా చెక్క బల్ల, దాని మీద పదకొండు సీసాలు. పావురాలవాళ్లు వచ్చినవాళ్లకి పావురాలని చూపించినట్టే, ఈయన సీసాలని వెలుతురుకి ఎత్తి చూపిస్తాడు. కొత్తవాడు దొరికితే వాడి పని అంతే.

బ్రిగీదా కూతురు సాబినాని చేసుకోబోయే కుర్రాడు సెవెరిన్. లుబ్లిన్ నుంచి మొదటిసారి అత్తవారింటికి వచ్చిన రోజున, చేతిలో పూలగుత్తితో కారు దిగాడు. దిగిన పాపానికి దొరికిపోయాడు.

"బాబూ, మెరుపు కావాలా, నలుపు కావాలా?" అన్న గొంతు నేల మీంచి వినిపించింది.

సెవెరిన్ కిందికి చూశాడు. తన ముందు చక్రం పక్కన ఒక పెద్దమనిషి మోకాళ్ల మీద ఉన్నాడు.

"రెండూ ఒకటే కాదాండీ?" అన్నాడు మర్యాదగా.

కిటికీలోంచి చూస్తున్న బ్రిగీదా నుదురు కొట్టుకుంది. అలోయిజ్ మెల్లిగా లేచాడు. ఆ ముఖం చూస్తే ఎవరో పోయిన కబురు విన్నట్టుంది.

"ఒకటేనా? మెరుపు చూసేవాళ్ల కోసం నాయనా. నలుపు టైరు కోసం. ఇటు రా."

పెళ్లికొడుకుని రెక్క పట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయాడు. "ఇది నూనె పాలిష్. పూయగానే వానలో తడిసినట్టు తళతళలాడుతుంది. మర్నాటికి ఊళ్లో దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఆరకముందు బండి తీశావో, తిరిగే చక్రం దాన్ని చుక్కలు చుక్కలుగా కారు మీదికి చిమ్ముతుంది. ఇదిగో, ఇది నీళ్ల పాలిష్. పాలలా తెల్లగా ఉంది కదూ? ఆరాక మాత్రం కొత్త టైరు నలుపు వస్తుంది, మెరవదు. బుద్ధిమంతుల టైరు ఇలా ఉంటుంది. ఈ చిక్కటిది మంచుకాలానికి. ఇది నేను కలిపినది, గ్లిజరినూ నీళ్లూ. దుకాణాల్లో ఏమీ దొరకని రోజుల్లో ఈ వీధి మొత్తం దీనితోనే నడిచింది."

"ఏది పూసినా ఫరవాలేదండీ," అన్నాడు సెవెరిన్. కాఫీ చల్లారిపోతోందని సాబినా గుమ్మంలోంచి చేతులూపుతోంది.

"ఫరవాలేదా! ముందు కడగాలి. బ్రష్షూ సబ్బూ పెట్టి రుద్దితే మొదట గోధుమరంగు నురగ వస్తుంది. అది తెల్లబడేదాకా రుద్దాలి. మురికి మీద నలుపు పూసేవాణ్ణి నేను నమ్మను. తర్వాత ఆరనివ్వాలి. తర్వాత పల్చగా పూయాలి, పక్కలకి మాత్రమే. రోడ్డుకి తగిలేచోట పూశావో, మొదటి మలుపులోనే పెళ్లాంతో సహా కాలవలో ఉంటావు."

"ఇంకా పెళ్లి కాలేదండీ."

"ఈ టైర్లతో అయ్యేలా లేదు," అన్నాడు అలోయిజ్.

మొత్తానికి సెవెరిన్ కాఫీ తాగేసరికి గంటన్నర పట్టింది. పూలు వాడిపోయాయి. కాబోయే అత్తగారి ముందు తలవంచుకుని, "ఆయన నా వెనక చక్రాలు రెండూ మార్చమన్నారండీ, మార్చేదాకా వెనక్కి వెళ్లొద్దన్నారు," అన్నాడు. బ్రిగీదాకి సిగ్గుతో ప్రాణం పోయింది. ఇంటికొచ్చిన అల్లుడి టైర్లకి వంకలు పెడతాడా ఎవరైనా?

పాలిష్ ఎంచడంలో ఆయన లెక్కలు ఆయనకున్నాయి. మాంసం కొట్టాయనకి మెరుపు, వ్యాపారం కదా. చర్చిలో ఆర్గన్ వాయించే ఆయనకి నలుపు. ఫాదర్ గారికి రెండూ కలిపి సగం సగం, "పైకి చూస్తాడు, కిందా చూడాలి కదా," అంటాడు. ఇవన్నీ వాళ్లెవరూ అడిగినవి కావు.

అలోయిజ్ బంధువు ఒకాయన పోయినప్పుడు జరిగింది వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శవపేటిక కారులోకి ఎక్కించారు. అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. చూస్తే అలోయిజ్ ఆ కారు పక్కన నేల మీద కూలబడి, తల చక్రానికి ఆనించి ఉన్నాడు, భుజాలు కదిలిపోతున్నాయి. "అయ్యో, ఎంత ప్రేమో," అని ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. ఇద్దరు వెళ్లి లేవదీయబోయారు. "ఉండండ్రా, ఎవడో దీనికి మెరుపు పూశాడు. ఆఖరి ప్రయాణానికి మెరుపేమిటి, బుద్ధి లేకపోతే సరి," అన్నాడు ఆయన రుద్దుతూనే. చనిపోయినాయన భార్య ఏడుపు మధ్యలో నవ్వు ఆపుకోలేక, రుమాలు నోట్లో కుక్కుకుంది.

ఇంకోసారి ఆయనకే గుండెలో నొప్పి వచ్చి అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే చెయ్యి కిందికి జాపి వెనక చక్రం తడిమాడట. "నన్ను ఎక్కించకండి. ముందు ఈ చక్రం సంగతి చూడండి," అని ఒకటే గోల. "ఈ పరిస్థితిలో కూడా పాలిష్ ఏమిటి తాతా!" అని కేకలేసి ఎక్కించారు. అది గ్యాసు నొప్పి అని తేలింది, అది వేరే సంగతి. వారం తర్వాత ఆ అంబులెన్సు డ్రైవరు పనిగట్టుకుని వచ్చి, అలోయిజ్ చెయ్యి రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు ఊపి వెళ్లాడు. ఎందుకు ఊపాడో బ్రిగీదాకి అంతు చిక్కలేదు. ఆ రాత్రి గెరార్డ్‌కి నిద్ర లేదు.

ఇదంతా నవ్వుకునే సంగతి. బ్రిగీదా నవ్వలేని సంగతి ఒకటుంది. అది ఆవిడ సొంత పెళ్లి.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట పెళ్లిబండికి పాలిష్ పూసింది అలోయిజే. చర్చి ముందు తెల్లగౌనులో దిగింది బ్రిగీదా. దిగీదిగగానే ఎవరో "అమ్మో!" అన్నారు. కారు తెల్లటి పక్క మీద నల్లచుక్కలు. దానికి రాసుకున్న గౌను కుచ్చిళ్ల మీద నల్లచుక్కలు. మేలిముసుగు అంచున రెండు పెద్ద మరకలు. తడి ఆరని పాలిష్ దారి పొడవునా చిమ్మింది. పెళ్లి ఫోటోలన్నిట్లో పెళ్లికూతురి కింది సగానికి గెరార్డ్ అడ్డంగా నిలబడి ఉంటాడు, ఎందుకంటే ఫోటోగ్రాఫర్‌కి ఇంకో దారి దొరకలేదు. పాలిష్ పూసిన పెద్దమనిషి ఏమో పూజ సగమయ్యాక, బూట్లనిండా మట్టితో, నడుచుకుంటూ వచ్చాడు. తాగొచ్చాడని అందరూ అనుకున్నారు. రెండు క్రిస్మస్‌లు ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినా మర్చిపోలేదు.

ఇప్పుడు సాబినా పెళ్లి. సెవెరిన్ పినతండ్రి దగ్గర ఒక తెల్లటి పెద్ద కారుంది, పెళ్లికి అది ఇచ్చాడు. బ్రిగీదా కోరుకున్నది ఒక్కటే. తన కూతురు మచ్చలేని తెల్లగౌనులో చర్చి మెట్లెక్కాలి. అంతకన్నా ఆ దేవుణ్ణి ఏమీ అడగలేదు.

పెళ్లికి వారం ముందు అందరిళ్లకీ పంచే కోవోచ్ కేకు పట్టుకుని తొమ్మిదో నంబరుకి వెళ్లింది. పళ్లెం ఇవ్వకుండానే మొదలుపెట్టింది.

"బాబాయ్, ఇది జున్నుది, ఇది గసగసాలది. తింటావా?"

"ఎందుకు తినను?"

"అయితే పెళ్లికారు టైర్లకి పాలిష్ పూయనని మాటియ్యి."

అలోయిజ్ కేకు వంక చూశాడు. అవతల వీధి వంక చూశాడు. "కొంచెం కూడానా?"

"చుక్క కూడా."

"చూడనైనా చూడొచ్చా?"

"దూరం నుంచి."

ఆయన నిట్టూర్చి గసగసాల ముక్క తీసుకున్నాడు. తింటున్నంతసేపూ ముఖం చేదు మందు తింటున్నట్టే పెట్టాడు గానీ, రెండో ముక్కా తిన్నాడు.

మాటిచ్చాడని ఊరుకునే మనిషి కాదు బ్రిగీదా. పెళ్లి ముందు సాయంత్రం కారు రాగానే నాలుగు చక్రాలకీ నాలుగు దిండుగలీబులు తొడిగి, తాళ్లతో బిగించి కట్టింది. ఇంకా వెలుతురుండగానే పోల్టర్ మొదలైంది. వీధి వీధంతా పాత పళ్లేలూ, పగిలిన జాడీలూ, కప్పులూ పట్టుకుని వచ్చి, పెళ్లికూతురి గుమ్మం ముందు విసిరి బద్దలు కొడుతున్నారు. ఒకాయన ఏకంగా చేతులు కడుక్కునే పింగాణీ తొట్టి మోసుకొచ్చాడు. చప్పుడు ఎంత పెద్దదైతే కాపురం అంత బాగుంటుందని సంబరం. సెవెరిన్ చీపురు పట్టుకుని చెమటలు కక్కుతూ ఊడుస్తున్నాడు. ఊడ్చిన చోటే మళ్లీ పగలగొడుతున్నారు.

ఈ హడావుడిలో బ్రిగీదా కళ్లు కారు మీదే ఉన్నాయి. కారు సరిగ్గా తొమ్మిదో నంబరు ముందు ఆగి ఉంది. అలోయిజ్ దానికి రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, దిండుగలీబుల వంక జాలిగా చూస్తున్నాడు.

"సెవెరిన్! ఆ చీపురు అవతల పెట్టి ముందు కారుని ఇటు తీసుకురా. మన గేటు ముందు పెట్టు."

"ముక్కలున్నాయండీ ఇంకా..."

"ముక్కలు తర్వాత. ముందు ఆ మనిషికి దూరంగా తీసుకురా."

సెవెరిన్ గలీబులు విప్పి, కారు తెచ్చి, మళ్లీ తొడిగి కట్టాడు. మర్నాడు పొద్దున ఆరింటి నుంచి గెరార్డ్‌ని కారు పక్కన కుర్చీ వేసి కాపలా కూర్చోబెట్టింది. అప్పుడు గానీ బ్రిగీదా మనసు కుదుటపడలేదు.

ఎనిమిదింటికి తలకి రింగులు చుట్టుకుని కిటికీ తెరిచింది. కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ మీద నాలుగు దిండుగలీబులు, ఇస్త్రీ చేసినంత చక్కగా మడతపెట్టి ఉన్నాయి.

"గెరార్డ్!" అనబోయి ఆగిపోయింది. టైర్ల మీద కొత్త పాలిష్ ఏమీ లేదు. మూడు టైర్లు పినతండ్రి దుకాణంలో చేయించిన నలుపుతో అలాగే ఉన్నాయి. నాలుగోది, కుడి ముందుది, బూడిదలా తెల్లబోయి ఉంది. నిన్న సాయంత్రం తన చేత్తో గలీబు తొడిగినప్పుడు నాలుగూ నల్లగానే ఉన్నాయే!

అంతకన్నా పెద్ద వింత పక్కింటి మెట్టు మీద ఉంది. పెళ్లి సూటు వేసుకుని, టై కట్టుకుని, అలోయిజ్ కూర్చున్నాడు. బూడిదరంగు టైరుకి పది అడుగుల దూరంలో. దాని వైపు వీపు పెట్టి. రెండు చేతులూ చంకల్లో గట్టిగా దోపుకుని.

ఆ మనిషి వెలిసిన టైరు పక్కన ఊరికే కూర్చోవడం ఆ వీధి పుట్టాక జరగలేదు. బ్రిగీదా లోపలికి వెళ్లి మంగలమ్మాయి ముందు కూర్చుంది, సాబినా గౌను గుండీలు పెట్టింది, లుబ్లిన్ నుంచి వచ్చిన వియ్యపురాలికి కాఫీ ఇచ్చింది, సూపులో ఉప్పు చూసింది. కాళ్లు ఇంట్లో తిరుగుతున్నాయి గానీ బుర్ర ఆ టైరు దగ్గరే ఉంది. పదిన్నరకి ఇక తన వల్ల కాలేదు. సగం జడతోనే వీధిలోకి వచ్చింది.

"బాబాయ్, ఆ టైరు ఎందుకలా ఉంది?"

"ఏ టైరు?" అన్నాడు అలోయిజ్.

"ఏ టైరు" అని అలోయిజ్ గ్రుష్కా అడిగాడు! బ్రిగీదాకి అనుమానం రూఢి అయింది. గిర్రున తిరిగి, కాఫీ గ్లాసుతో మెల్లిగా జారుకుంటున్న మొగుణ్ణి కాలరు పట్టుకుని ఆపింది.

"నువ్వు చెప్పు."

"స్టెప్నీ," అన్నాడు గెరార్డ్.

"స్టెప్నీ ఎందుకు?"

"నిన్న కారు ఇటు తెమ్మన్నావు కదా. ముక్కల మీంచి వచ్చింది."

"ఎవరు తెమ్మన్నారు?"

"నువ్వే."

గెరార్డ్ జేబులోంచి ఒక పింగాణీ ముక్క తీసి చూపించాడు. నీలం పువ్వుల పళ్లెం అంచు, వేలెడంత పొడవుంది, కత్తిలా ఉంది.

"టైరు లోపలి పక్కలోకి దిగిపోయింది. ఆరున్నరకి బాబాయ్ వచ్చి గలీబులు విప్పుతానన్నాడు. వద్దంటే వినలేదు. చెవి పెట్టి విని, గాలి పోతోందన్నాడు. సన్నగా పోతోంది, నాకైతే వినబడలేదు. చర్చిదాకా వెళ్లేదేమో గానీ, ఆ తర్వాత విందుకి పెద్దరోడ్డు మీద నలభై కిలోమీటర్లు పోవాలి. అక్కడ పేలి ఉంటే..."

బ్రిగీదా ఆ ముక్క లాక్కుని చూసింది. ఆ కారులో కూర్చునేది తన కూతురు. తను తన నోటితోనే ఆ ముక్కల మీంచి నడిపించింది.

"నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్పొద్దన్నాడు. పెళ్లిరోజు, నువ్వు బాధపడతావని. చక్రం మార్చి, చేతులు కడుక్కుని, సూటు వేసుకుని వచ్చి అక్కడ కూర్చున్నాడు. పాలిష్ పూయనని నీకు మాటిచ్చాట్ట."

అలోయిజ్ అటు తిరిగే ఉన్నాడు. "కేకు కూడా తిన్నాను," అన్నాడు.

అంతటితో ఆగిపోయి ఉంటే గెరార్డ్ బతికిపోయేవాడు. కానీ పాపం, ఆ రోజు కూతురి పెళ్లి, మనసు మెత్తబడి ఉంది, పైగా పొద్దుటి నుంచి కాఫీలో కొంచెం కొంచెం ఇంకేదో కలుపుకుంటున్నాడు.

"అప్పుడూ ఇంతే చేశాడు బ్రిగీదా," అన్నాడు ముక్కు చీదుతూ.

"గెరార్డ్, నోరు ముయ్యి," అన్నాడు అలోయిజ్ గబుక్కున లేచి.

"ఎప్పుడు?" అంది బ్రిగీదా.

"మన పెళ్లికి. పోల్టర్ ముక్కలు నేనే కదా ఊడ్చాలి. ఒళ్లు బద్ధకించి అన్నిట్నీ కారు కిందికి తోసేశాను. పొద్దున పూలు కట్టడానికి కారు వెనక్కి తీశారు, టైరు చీరుకుపోయింది. స్టెప్నీలో గాలి లేదు. అప్పట్లో అందరివీ ఒకటే రకం బుల్లి కార్లు కదా, బాబాయ్ తన కారు చక్రం విప్పి మన కారుకి బిగించాడు. అది పాతది, తెల్లబోయి ఉంది. పెళ్లిబండి అలా వెళ్తే బావుండదని చేతికందిన సీసాతో నాలుగూ పూశాడు. ఆరడానికి టైం లేదు."

"మరి... మరి తను ఆలస్యంగా..."

"తన కారుకి మూడు చక్రాలే ఉన్నాయి. నడిచి వచ్చాడు. పొలాలకి అడ్డంపడి."

బ్రిగీదా అలోయిజ్ ముందుకి వెళ్లి నిలబడింది.

"ఇరవై ఎనిమిదేళ్లు తిట్టాను నిన్ను. ఒక్కమాట చెప్పలేదేం?"

"కొత్త పెళ్లికూతురికి మొదటిరోజే మొగుడి మీద కోపం రాకూడదమ్మా. నా మీద వస్తే ఏముంది, పక్కింటివాణ్ణి."

"సరే, తర్వాత? రెండో ఏడు? పదో ఏడు?"

అలోయిజ్ ఆలోచించాడు. "తర్వాత అలవాటైపోయింది," అన్నాడు నిజాయితీగా.

"నువ్వేమయ్యా?" అంది మొగుడి వైపు తిరిగి.

"నేను ప్రతి ఏడూ చెబుదామనే అనుకున్నాను," అన్నాడు గెరార్డ్.

"నీ సంగతి రేపు. ఇవాళ పెళ్లి ఉంది కాబట్టి బతికావు." మళ్లీ అలోయిజ్ వైపు తిరిగింది. ఇంత గందరగోళంలోనూ ఆవిడ ఆవిడే. "బాబాయ్, నిజం చెప్పు. ఒక్కో చక్రం దగ్గర ముప్పావుగంట ఏం చేస్తావు?"

"చూస్తాను," అన్నాడాయన. "గనిలో బొగ్గు తవ్వేముందు పైకప్పు తట్టి చూసేవాణ్ణి. ఆ పని ఒంటికి పట్టేసింది. నీ టైరులో గాటుంది, మార్చుకో అంటే ఒక్కడూ వినడు, నాకు తెలీదా అంటాడు. నల్లగా చేసి పెడతానంటే ముసలాడి పిచ్చి అని నవ్వి ఊరుకుంటారు. కడిగితే గానీ గాటు కనబడదు కదా. మేకులుంటే పీకుతాను, గాలి తక్కువైతే కొడతాను. మరీ పాడైపోతే అప్పుడు చెబుతాను. నలుపు పూసేది పది నిమిషాలే. అది నాకిష్టం, అందుకు."

బ్రిగీదా కళ్లనీళ్లు పెట్టుకుంది. పొద్దున్నే పెట్టించుకున్న కంటి కాటుక చెంపల మీదికి కారింది. అంబులెన్సు డ్రైవరు చెయ్యి ఎందుకు ఊపాడో, అల్లుడి వెనక చక్రాలకి ఎందుకు వంక పెట్టాడో, అన్నీ ఒక్కసారిగా తేలిపోయాయి. ఇంత మంచి మనిషిని తను దిండుగలీబులు కట్టి దూరంగా పెట్టింది. ముక్కు తుడుచుకుని ఆజ్ఞ జారీ చేసింది.

"లే బాబాయ్. ఆ టైరుని నల్లగా చెయ్యి."

"మాటిచ్చాను కదమ్మా."

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కేకు నువ్వే ఉంచుకో."

అలోయిజ్ కోటు విప్పి గేటుకి తగిలించాడు. కొట్టంలోకి పరిగెత్తిన చప్పుడు వినబడింది. డెబ్భై నాలుగేళ్ల మనిషి పరిగెత్తడం ఆ వీధి చూడలేదు. సబ్బూ, బ్రష్షూ, రెండు సీసాలూ పట్టుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మెరుపా, నలుపా?"

"నలుపే," అంది బ్రిగీదా. "నీళ్లది."

ఆయన అంత సంతోషంగా నవ్వడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

కానీ ఒక చక్రం కొత్తగా నల్లబడేసరికి మిగతా మూడూ చిన్నబోయాయి. నాలుగూ చేయాల్సిందే అన్నాడు. కడిగి, తుడిచి, పల్చగా పూసి లేచేసరికి పదకొండూ నలభై అయింది. అమ్మానాన్నలు దీవించడం అయిపోయింది, సాబినా తెల్లగౌనుతో గుమ్మంలో నిలబడింది, బాజావాళ్లు రెండో పాట మొదలుపెట్టారు. చర్చిలో ముహూర్తం పన్నెండు.

"ఎక్కండి, ఎక్కండి!" అన్నాడు సెవెరిన్ తాళంచెవి ఊపుతూ.

"ఇంకో అరగంట," అన్నాడు అలోయిజ్ నేల చూపులు చూస్తూ. "ఇంకా తడిగా ఉంది."

అందరూ బ్రిగీదా వైపు చూశారు. వారం నుంచి నిమిషం నిమిషం లెక్కపెట్టి అందరి ప్రాణాలూ తోడేసింది ఆవిడే మరి.

"ఎవరూ కదలడానికి వీల్లేదు," అంది బ్రిగీదా. "ఆరనివ్వండి."

అలా పెళ్లికూతురూ, పెళ్లికొడుకూ, డెబ్భైమంది చుట్టాలూ, బాజాభజంత్రీలూ నడివీధిలో కారు చుట్టూ గుండ్రంగా నిలబడి నాలుగు టైర్లు ఆరడం చూశారు. ఫాదర్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. రెండోసారి గెరార్డ్ ఈ టైర్ల సంగతి చెబితే, "నలుపేనా?" అని అడిగారట.

వియ్యపురాలు మాత్రం ఎటూ తోచక బ్రిగీదా చెవి దగ్గరికి వచ్చింది. "వదినగారూ, ఏమనుకోకండి. ఇది మీ వైపు ఆచారమా?"

బ్రిగీదా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అవునండీ," అంది. "మా వైపు టైర్లు ఆరేదాకా పెళ్లికూతురు కారెక్కదు."

సాబినా పన్నెండుంపావుకి చర్చి మెట్లెక్కింది. గౌను మీద ఒక్క చుక్క లేదు. అలోయిజ్ ముందు వరసలో బ్రిగీదా పక్కన కూర్చున్నాడు.

వియ్యపురాలు లుబ్లిన్ వెళ్లి అందరికీ చెప్పింది. ఆ మాట తిరిగొచ్చి బ్రిగీదా వీధివాళ్ల చెవిన పడితే ముందు నవ్వుకున్నారు, తర్వాత మాంసం కొట్టాయన కూతురి పెళ్లికి వాళ్లూ ఆరబెట్టారు, ఆ తర్వాత ఆర్గన్ ఆయన కొడుకు పెళ్లికీ అంతే. ఇప్పుడు ఆ వీధి నుంచి ఎవరు పెళ్లి రాయించుకోవడానికి వచ్చినా, ఫాదర్ గారు పుస్తకం తెరిచి, ఏమీ అడక్కుండా, పన్నెండూ ముప్పై అని రాసుకుంటారు.